గ్రిడ్‌లో ట్రూ, ఫాల్స్ బదులు తెలుగు పదాలు: ఒకే కన్వర్టర్ చాలా?

కొత్తగ్రిడ్: డబ్ల్యుపీఎఫ్‌లో (విండోస్ అప్లికేషన్ల స్క్రీన్లు చేసే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్) రాసిన బిల్లింగ్ అప్లికేషన్‌కి తెలుగు పెడుతున్నాను. మెనూలు, లేబుళ్లు రిసోర్స్ ఫైల్ నుంచి తెలుగులోనే వస్తున్నాయి, గ్రిడ్‌లో (పట్టికలో) బూలియన్ కాలమ్స్, అంటే అవునా కాదా అని చెప్పేవి, మాత్రం ట్రూ, ఫాల్స్ అని ఇంగ్లిష్‌లో కనిపిస్తున్నాయి. విలువని అక్షరాల్లోకి మార్చే టూస్ట్రింగ్‌కి తెలుగు కల్చర్ (భాషా సెట్టింగ్) ఇచ్చినా మారలేదు. మీరంతా ఎలా చేస్తున్నారు?

బైండింగ్_బాబాయ్: మారదు. బూలియన్ టూస్ట్రింగ్ మీరిచ్చే కల్చర్‌ని అసలు చూడదు. ఒక వాల్యూ కన్వర్టర్ (విలువని స్క్రీన్ మీద చూపే ముందు మార్చే చిన్న కోడ్) రాసి, రిసోర్స్ ఫైల్‌లోంచి అవును, కాదు తెచ్చి అంతటా అదే వాడండి. కింద విలువ బూలియన్‌గానే ఉంటుంది కాబట్టి సార్టింగ్ చెడదు. ఒక్కటి గుర్తుంచుకోండి, కన్వర్టర్‌కి అందే కల్చర్ విండోస్ సెట్టింగ్‌ది కాదు, లాంగ్వేజ్ ప్రాపర్టీ మార్చకపోతే అమెరికన్ ఇంగ్లిషే వస్తుంది. ఈ ఒక్క దానికి నాకు రెండు రోజులు పోయాయి.

చదివేవాడు: "బకాయి" కాలమ్ కింద "కాదు" అని ఉంటే ఏమని చదవాలండీ? బకాయి లేదు అంటాం. "చెల్లించారా" కింద చెల్లించారు, చెల్లించలేదు. "రసీదు కావాలా" కింద కావాలి, వద్దు. ఇంగ్లిష్‌లో యెస్, నో అన్నిచోట్లా సరిపోతాయి, మనకి ప్రశ్నలో ఏ మాట ఉందో దాన్నిబట్టి జవాబు మారుతుంది.

ట్యాబ్‌కీ: చెక్‌బాక్స్ పెట్టేస్తే పోలా?

బైండింగ్_బాబాయ్: @చదివేవాడు అది అనువాదం సంగతి, ఆయన అడిగింది కోడ్. వ్యూమోడల్‌లో (స్క్రీన్‌కి డేటా అందించే క్లాస్) స్ట్రింగ్ ప్రాపర్టీలు పెడితే సార్టింగ్ అక్షరాల వరసలో జరుగుతుంది, అది కావాలా మీకు?

చదివేవాడు: వ్యూమోడల్ అని నేను ఎక్కడన్నాను? కన్వర్టరే ఉంచండి, కాలమ్‌కో జత పారామీటర్‌గా ఇవ్వండి. గెట్‌టెక్స్ట్ అనే అనువాద టూల్‌లో ఒకే ఇంగ్లిష్ మాటకి సందర్భాన్నిబట్టి వేరే అనువాదం ఇచ్చే వీలుంది, క్యూటీ ఫ్రేమ్‌వర్క్‌లోని టీఆర్ ఫంక్షన్‌లో కూడా ఉంది. వాళ్లు ఊరికే పెట్టలేదు కదా.

సీఎస్వీ_బాధితుడు: ఏ పదాలైనా పెట్టుకోండి, ఫైల్‌లోకి మాత్రం పోనివ్వకండి. మా దగ్గర ఎవరో ఎక్స్‌పోర్ట్‌కి కూడా అదే కన్వర్టర్ తగిలించారు, ఫైల్ నిండా "అవును" పడింది, తిరిగి ఇంపోర్ట్ చేస్తే అక్షరాల్ని బూలియన్‌గా మార్చే బూల్ పార్స్ మొదటి వరసలోనే ఎర్రర్ కొట్టింది. శనివారమంతా కూర్చుని నేనే సరిచేశాను.

బైండింగ్_బాబాయ్: చూశారా? ఒక్క జత ఉంటేనే ఇంత గొడవ. నావి 60 కాలమ్స్, అంటే 120 మాటలు. మీకేం, సలహా ఇచ్చి వెళ్లిపోతారు.

చదివేవాడు: నేను రోజంతా తెలుగు స్క్రీన్ ముందు కూర్చునేవాణ్ణి. "అనుమతి: కాదు" అని ఉంటే అనుమతి ఇవ్వలేదా, అసలు అడగలేదా అని పక్క సీటుకి వెళ్లి కనుక్కోవాలి. మీరు ఇంగ్లిష్‌లో పెట్టుకుని టెస్ట్ చేస్తారు, అందుకే ఈ బాధ మీకు కనిపించదు.

నల్_గమనించండి: అడగలేదంటే అది నల్, అంటే విలువే లేదు. విలువ ట్రూ కాకపోతే "కాదు" అని రాసే కన్వర్టర్‌లో నల్ కూడా "కాదు" అయిపోతుంది. మూడో మాట కావాల్సిందే.

బైండింగ్_బాబాయ్: సరే, ఉన్నమాట చెప్తాను. మాకు అనువాదకులు లేరు. ఆ తెలుగు మాటలన్నీ నేనే రాస్తున్నాను, నేను చదివిందేమో ఇంగ్లిష్ మీడియం. "ఇవ్వలేదు" రాయాలా "ఇవ్వబడలేదు" రాయాలా అని ఒక్కో లేబుల్ దగ్గర టెన్షన్. ఒకే జత అంటే తప్పయినా ఒక్కచోటే దిద్దుకోవచ్చు, అందుకే పట్టుబట్టాను.

చదివేవాడు: ఈ మాట మొదటే అంటే నేను అంత కోపంగా రాసేవాణ్ణి కాదు. "ఇవ్వలేదు" చాలు. కాలమ్ పేర్లు ఇక్కడ పెట్టండి, ఒక్కోదానికి మూడు మాటలు రాసిస్తాను.

కొత్తగ్రిడ్: నావి కూడా పెట్టొచ్చా? 14 ఉన్నాయి.

చదివేవాడు: పెట్టండి.

బైండింగ్_బాబాయ్: రాత్రికి పెడతాను. @కొత్తగ్రిడ్ లాంగ్వేజ్ ప్రాపర్టీ మాత్రం ముందు మార్చండి, పారామీటర్ ఇచ్చినా కల్చర్ అమెరికాదే వస్తుంది.