పార్కిన్సన్స్ మాత్రలు వాడినా నాన్నగారి నడక మారలేదు, ఇంకేం పరీక్షలు చేయించాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మా నాన్నగారికి 74 ఏళ్ళు. కొంతకాలంగా పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఈడుస్తూ నడుస్తున్నారు, వెనక్కి తిరిగేటప్పుడు తూలి ఒకసారి పడ్డారు కూడా. ఈ మధ్య మూత్రం ఆపుకోలేకపోతున్నారు. చేతులకు వణుకు లేదు. పార్కిన్సన్స్ అని చెప్పి లెవోడోపా ఇచ్చారు గానీ నెలల తరబడి వాడినా తేడా కనిపించలేదు. వయసు మీద పడిందని సరిపెట్టుకోవాలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (జనరల్ మెడిసిన్ వైద్యుడు, విజయవాడ):
నమస్కారమండి. దయచేసి సరిపెట్టుకోకండి. పార్కిన్సన్స్ సాధారణంగా ఒక పక్క మొదలవుతుంది, తగిన మోతాదులో లెవోడోపా ఇస్తే చాలామందిలో గుణం కనిపిస్తుంది. రెండు కాళ్ళూ ఒకేలా మొరాయించి, చేతుల కదలిక బాగానే ఉండి, మూత్రం కూడా అదుపు తప్పితే నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్‌ను తప్పక అనుమానించాలి. మెదడులోని గదుల్లో నీరు పేరుకుని అవి ఉబ్బడమే ఈ జబ్బు. 1965లో సాలమన్ హకీమ్, రేమండ్ ఆడమ్స్ తదితరులు దీన్ని వివరించినప్పుడే చికిత్సకు లొంగే జబ్బుగా చెప్పారు. నడక, మూత్రం, మతిమరుపు, ఈ మూడూ కలిసి కనిపించే వరకు ఆగనక్కర లేదు. తరచుగా ముందు చెడేది నడకే.

ఆయన్ను హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో పాదాలు కనిపించేలా ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరు గారి గదిలో రెండు అడుగులు వేయించి చూసినదానికంటే ఇది ఎక్కువ చెబుతుంది. ఆయన వాడే మాత్రలన్నీ, గ్యాస్ మాత్రలతో సహా, ఇక్కడ రాయండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు డాక్టరు గారూ. చాలాకాలంగా పొద్దున్నే గ్యాస్ క్యాప్సూల్ వేసుకుంటారు. అట్ట మీద రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ అని ఉంది.

జవాబు:
అడిగింది ఇందుకేనండి. లెవోసల్పిరైడ్ మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుని అచ్చం పార్కిన్సన్స్‌లాంటి లక్షణాలు తెప్పించగలదు. తలతిరుగుడుకు ఇచ్చే సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్‌లు కూడా అంతే. మన ప్రాంతంలో ఇవి ఏళ్ళ తరబడి చీటీ లేకుండానే కొనసాగుతుంటాయి, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. డాక్టరు గారితో మాట్లాడి ఆ క్యాప్సూల్ మార్పించండి. మందు ఆపాక తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. లెవోడోపాను మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపవద్దు.

అయినా మూత్రం సమస్య ఉంది కాబట్టి అంతటితో ఆగకూడదు. న్యూరాలజిస్టును కలిసి మెదడు ఎం.ఆర్.ఐ., బి12, థైరాయిడ్ పరీక్షలు, ప్రోస్టేట్ పరిశీలన గురించి అడగండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జి.జి.హెచ్.)లో కూడా న్యూరాలజీ విభాగం ఉంది. స్కాన్‌లో గదులు ఉబ్బినట్టు తేలితే వెన్ను నుంచి 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, తీయకముందూ తీశాకా నడక కొలుస్తారు. మెరుగుదల స్పష్టంగా ఉంటే షంట్ ఆపరేషన్‌తో, అంటే మెదడులోని అదనపు నీటిని బయటికి మళ్ళించే సన్నని గొట్టం అమర్చడంతో, మేలు జరిగే అవకాశం ఎక్కువ. కనిపించనంత మాత్రాన ఆశ వదులుకోనక్కర లేదు. షంట్‌తో నడక బాగుపడినంతగా జ్ఞాపకశక్తి బాగుపడకపోవచ్చు, ఇన్ఫెక్షన్, రక్తస్రావం వంటి ప్రమాదాలూ ఉన్నాయి కనుక అవన్నీ ముందే అడిగి తెలుసుకోండి.

ఆయన పడ్డారన్నారు కదా, తలకు దెబ్బ తగిలినా తగలకపోయినా ఆ సంగతి తప్పక చెప్పండి, ఈ వయసులో మెదడు పొరల కింద రక్తం నెమ్మదిగా చేరవచ్చు. తలనొప్పి, వాంతులు, మగత, ఒక పక్క బలహీనత, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.