మిద్దె తోటతో కూరగాయల ఖర్చు నిజంగా తగ్గుతుందా, ఊరికే చెప్పుకోవడానికేనా?

కాజీపేట కోడలు:
మా ఇంట్లో ఇప్పుడు ఇదే పంచాయితీ. మా ఆయన మిద్దె మీద ఇటుకలతో తొట్లు కట్టించి టమాట, వంకాయ, బెండ, క్యాబేజీ అన్నీ పెంచుదాం, బయట కొనుడే బంద్ అంటున్నాడు. మా అత్తమ్మ ఏమో ఆ పైసలతో ఏడాది పొడుగునా రైతు బజార్‌లో కొనుక్కోవచ్చు అంటుంది. మా వంట పెద్దదేం కాదు, పప్పో చారో, పక్కన ఒక కూర. పెంచుతున్నోళ్లు నిజం చెప్పండి. ఫొటోలు వద్దు, లెక్క కావాలి.

పరకాల పోరడు:
తగ్గదు అక్కా, రాసిపెట్టుకో. గ్రో బ్యాగులు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు), వేపపిండి, ఎండాకాలం వస్తే షేడ్ నెట్, కోతులొస్తే జాలీ, ఇట్ల ఒకదాని వెనుక ఒకటి. 2023 జులైలో టమాట కిలో 100 దాటినప్పుడు మా గల్లీలో అందరూ నర్సరీకి ఉరికి నారు తెచ్చుకున్నారు. ఆ చెట్లు కాతకొచ్చేసరికి రెండు నెలలు, అప్పటికి అంగట్లో ధర పడిపోయింది. డబ్బున్నోళ్ల సరదా ఇది, తప్పు లేదు, కానీ పొదుపు అని మాత్రం అనకండి.

హన్మకొండ మిద్దెతోట:
తమ్మీ, టమాట విషయంలో నీ మాట నిజమే. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాట పూత నిలవదు, రాలిపోతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది కదా. కాబట్టి వానాకాలం చివర్లో నారు పెడితే చలికాలంలో కాస్తుంది, సరిగ్గా అప్పుడే అంగట్లో కూడా టమాట చవక. అంటే ధర మండేటప్పుడు మన చెట్టూ కాయదు. క్యాబేజీ ఇంకా దండగ, ఒక కుండీని మూడు నెలలు పట్టుకొని కూర్చుంటుంది, ఇచ్చేది ఒక్క గడ్డ.

కానీ దాన్ని చూపించి తోట మొత్తం దండగ అంటే ఒప్పుకోను. కోడలమ్మా, నీ వంటలో రోజూ గుప్పెడు గుప్పెడు పడేవి ఏంటో చూడు. పచ్చిపులుసు చేస్తే రెండు పచ్చిమిర్చి, కాస్త కొత్తిమీర. పప్పులోకి పుంటికూర, అదే గోంగూర. పోపులోకి కల్యామాకు, అదే కరివేపాకు. కొత్తిమీర కట్ట కొంటే సగం ఫ్రిజ్‌లో కుళ్లుతుంది, మనం పైసలు పోగొట్టుకునేది అక్కడే. పుంటికూర కొసలు తుంచుతుంటే పక్క కొమ్మలేసి మళ్లీ మళ్లీ వస్తుంది. తోటకూర గింజ చల్లితే నెలకు కోతకొస్తుంది. ధనియాలు చేత్తో నలిపి బద్దలు చేసి చల్లు, కాకపోతే ఎండాకాలంలో ఆశ పెట్టుకోకు, ఆకు సరిగా రాకముందే పూతకొస్తుంది. గంగవాయిలి కూర అయితే చల్లకుండానే కుండీల్లో మొలుస్తుంది, దాన్ని కలుపని పీకి పారేసేటోళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది, పప్పులో వేసుకుంటే ఎంత బాగుంటుందో.

మిరప మామూలు రకమే పెట్టు. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక పంట అన్న గుర్తింపు, వచ్చింది, మంచిదే, కానీ అది రంగుకు పేరున్నది, కారం తక్కువ. పచ్చిపులుసుకు అది చాలదు.

సివిల్ బాబాయి:
కూరల సంగతి మీరు చూసుకోండి, నేను ఆ తొట్ల గురించే చెప్తా. మనుషులు తిరిగే మిద్దెకు డిజైన్‌లో పట్టుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. తడిసిన మట్టి ఘనపు మీటరు 1,600 కిలోలకు పైనే తూగుతుంది. అడుగు లోతు తొట్టి నింపితే చదరపు మీటరుకు 500 కిలోలు పడ్డట్టు, ఇటుకల బరువు వేరే. పాత స్లాబ్ మీద ఆ పని అస్సలు వద్దమ్మా. కోకోపీట్ కలిపిన తేలిక మట్టితో కుండీలు, అవి కూడా గోడల వెంట, దూలాలు పోయే చోట పెట్టుకోండి. కింద స్టాండ్ ఉండాలి, నీళ్లు నిలిస్తే ముందు చెమ్మ, తర్వాత పెచ్చులు. సజ్జ మీద మాత్రం ఏమీ పెట్టకండి.

జమ్మికుంట అక్క:
అందరూ పైసల లెక్కే మాట్లాడుతున్నారు. మందు కొట్టని కూర తింటున్నామన్న ధైర్యానికి ధర కడతారా? మాకు పెరడు ఉంది, ఒక చిక్కుడు తీగ, ఒక బీర తీగ పందిరికి పాకించాం, బట్టలు ఉతికిన నీళ్లు తప్ప మిగతా ఇంటి నీళ్లన్నీ వాటికే. సీజన్ ఉన్నన్ని రోజులు ఆ రెండు కూరలు కొనం, పక్కింటికీ ఇస్తాం.

పరకాల పోరడు:
అక్కా, పెరడు వేరు, మిద్దె వేరు. నేల మీద వేరు లోతుకు పోతుంది, కుండీలో మే నెలలో పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు. మందు సంగతంటావా, పిండినల్లి, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులు పట్టినప్పుడు మిద్దె మీదోళ్లు కూడా షాపుకు ఉరికి ఏదో ఒకటి తెచ్చి కొడతారు, నేను చూస్తూనే ఉన్నా.

జమ్మికుంట అక్క:
కొట్టేటోళ్లు కొడతారు. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టి చూడు, మొదట్లోనే పట్టుకుంటే చాలు. అసలు సమస్య కోతులు. అవి వచ్చిన రోజు బీర పిందె కూడా మిగలదు. దానికి జవాబు నా దగ్గర కూడా లేదు.

కాజీపేట కోడలు:
అందరికీ థాంక్స్. ఒకటి ఎవరూ అడగలేదు, ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోసేది ఎవరు? ఈయన పొద్దున పోతే రాత్రికొస్తాడు, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. అంటే నేనే. ఆ కూలి ఏ లెక్కలో రాస్తారు?

హన్మకొండ మిద్దెతోట:
అది నిజం తల్లీ, మా ఇంట్లోనూ ఈ గొడవ అయింది. అందుకే చిన్నగా మొదలుపెట్టమంటున్నా. పుంటికూర, పుదీనా, మిరప, ఒక కల్యామాకు చెట్టు. వంటింటి పక్కన చోటుంటే అక్కడే పెట్టు, మెట్లెక్కే పని ఉండదు. మే నెలలో సగం కుండీలు ఖాళీగా వదిలేయి, మృగశిర కార్తెలో వానలు పడ్డాక మళ్లీ చల్లుకో. బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా వాటికే పోయి.

కాజీపేట కోడలు:
తొట్ల మాట బంద్, బాబాయి రాసింది చదివి ఆయనే భయపడ్డాడు. ఆకుకూరలు నావి, వంటింటి వెనుక. టమాట మాత్రం వదలనంటున్నాడు, సరే, రెండు కుండీలు, నీళ్లు నువ్వే పోయాలి, ఆదివారం కూడా అన్నాను. డ్రిప్ పైపు ఎంతవుతుందో అప్పుడే ఫోన్లో చూస్తున్నాడు.

పరకాల పోరడు:
చూశావా అక్కా, ఖర్చు మొదలైంది.