అప్‌డేట్: మా గులాబీకి కాయ ఎందుకు నిలవట్లేదో తెలిసింది

పోయిన నెల అడిగింది నేనే. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీది గులాబీకి ఎన్నిసార్లు పుప్పొడి అద్దినా కాయ కట్టట్లేదు, రేకులు రాలాక తొడిమ ఎండిపోతోంది అని. ‘వేరు కొన నొక్కి క్రోమోజోములు లెక్కపెట్టు తమ్ముడూ’ అన్న అక్కకి చాలా థ్యాంక్స్. (క్రోమోజోములంటే కణం లోపల జన్యువుల్ని మోసే పోగులు.)

కొమ్మ నాటి, తెల్ల వేళ్లు రాగానే మా కాలేజీ ల్యాబ్‌కి పట్టుకెళ్లాను. క్రోమోజోములకి ఎర్రరంగు పట్టించే ఎసిటోకార్మిన్‌లో వేడిచేసి, పైన పెట్టిన పల్చటి గాజు పలక (కవర్‌స్లిప్) మీద బొటనవేలితో నొక్కి చూస్తే రెండు వారాలు అంతా ముద్దే. చివరికి ఒక కణంలో విడివిడిగా, ఎర్రటి చిన్న చిన్న పుల్లల్లా కనిపించాయి. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. 21! ఇంకో రెండు కణాల్లోనూ అంతే.

గులాబీల మూల సంఖ్య, అంటే ఒక సెట్‌లో ఉండే క్రోమోజోములు, 7. అడవి జాతుల్లో 14 ఉన్నవీ, 28, 35, 42 ఉన్నవీ ఉన్నాయి. మాదానికి మూడు సెట్లు. పుప్పొడి, అండాలు తయారయ్యేటప్పుడు మూడూ సమానంగా జతకట్టలేవు, అందుకే కాయ నిలవదు.

నన్ను పట్టేసింది మాత్రం ఆ 7. అదే కుటుంబంలోని స్ట్రాబెర్రీకీ మూల సంఖ్య 7. 2018లో గులాబీ జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) వెలువడ్డాక శాస్త్రవేత్తలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే జన్యువుల వరుస చాలా దూరం ఒకేలా ఉంది. ఒకచోట మాత్రం రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయి. ఒకే పూర్వీకుడి నుంచి రాకపోతే ఆ వరుస అంత పొడవున ఎలా కలుస్తుంది?

నిన్న అమ్మ పన్నీరు గులాబీ కొమ్మ తెచ్చింది. దానివీ లెక్కపెట్టాలి.