టోరో ఎర్ర వైన్‌కు మన సీమ వంటల్లో ఏది జత కుదురుతుంది?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
మా బావగారు స్పెయిన్ నుంచి వస్తూ టోరో ప్రాంతపు ఎర్ర వైన్ ఒక సీసా తెచ్చారు. దాని మీద టింటా దె టోరో, క్రియాన్సా, 15 శాతం ఆల్కహాల్ అని రాసి ఉంది. ఇంత ఘాటైన వైన్‌కు మన కారమే సరిజోడు అని ఆయన వాదన. అందుకే ఆదివారం రాగి సంగటి, నాటుకోడి పులుసు, గోంగూర మటన్ చేయించమంటున్నారు. అయితే నేను ఇంతకుముందు ఒకసారి ఇలాంటి వైన్‌ను కారం కూరతో తాగినప్పుడు నోరు మండిందే తప్ప వైన్ రుచి ఏమాత్రం తెలియలేదు. ఏమి వండించమంటారు?

ఎర్రనేల (అనంతపురం):
మీ అనుభవమే సరైనదండీ. ఆల్కహాల్ కారపు మంటను చల్లార్చదు, ఇంకా రాజేస్తుంది. నోటిలో వేడిని గుర్తించే నాడులే మిరప కారాన్నీ గుర్తిస్తాయి, ఆల్కహాల్ వాటిని మరింత సున్నితం చేస్తుంది. దానికి తోడు ఈ వైన్‌లో టానిన్ ఎక్కువ. టానిన్ అంటే పచ్చి వక్క నమిలినప్పుడు నాలుకను పట్టేసే ఆ వగరే అనుకోండి. అది లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోటిని ఎండగడుతుంది, కానీ కొవ్వు, మాంసం నోట్లో ఉంటే వాటితో కలిసి మెత్తబడుతుంది. గోంగూరతో ఇంకొక చిక్కు ఉంది: కూర పులుపు వైన్ పులుపును మించిపోతే వైన్ చప్పగా తోస్తుంది.

టోరో అనేది సమోరా జిల్లాలో దువేరో నది పక్కనున్న ఊరు. టింటా దె టోరో అంటే టెంప్రానీయో ద్రాక్షకు అక్కడి పేరు. పగలు మండే ఎండ, ఏడాదికి కొద్దిపాటి వాన, మన అనంతపురంలాంటి నేలే అనిపిస్తుంది. అందుకే పండు బాగా పండి, చక్కెర పెరిగి, ఆల్కహాల్ అంత ఎక్కువగా వస్తుంది. అక్కడి ఇసుక నేలల వల్లనే 19వ శతాబ్దంలో యూరప్ తోటలను తుడిచిపెట్టిన ఫైలోక్సెరా పురుగు నుంచి కొన్ని పాత తీగలు బతికి బయటపడ్డాయి. క్రియాన్సా అంటే కనీసం 24 నెలలు నిల్వ ఉంచి, అందులో కనీసం 6 నెలలు చెక్క పీపాలో ఉంచినది. ఆ ప్రాంతం వాళ్లు దీనితో తినేది పాలు తాగే గొర్రెపిల్లను ఉప్పు, నీళ్లు మాత్రమే వేసి కట్టెల పొయ్యిలో కాల్చిన మాంసం, గొర్రె పాల చీజ్. మిరపకాయ ఊసే లేదు.

కాబట్టి పొట్టేలు తొడ మాంసాన్ని ఉప్పు, వెల్లుల్లి, కొద్దిగా ధనియాల పొడి పట్టించి బొగ్గుల మీద కాల్చించండి. కొవ్వు తీసేయవద్దు.

పాలకొండ (కడప):
వైన్ కోసం కూరలో కారం తగ్గించడం నాకు సమ్మతం కాదు. మా ఇంట్లో అలా వండితే పెద్దవాళ్లు విస్తరి ముందు నుంచి లేచిపోతారు. నాటుకోడి పులుసును దాని కారంతోనే చేయించి సంగటితో మజ్జిగ పెట్టండి, వైన్‌ను దానికి ముందే, కాల్చిన మాంసంతో ముగించండి. పక్కన ఉప్పు వేసి వేయించిన చెనిక్కాయలు ఉంటే చాలు, ఆ నూనె కూడా వగరును కొంత తగ్గిస్తుంది. ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) మాత్రం వద్దు, అందులో చింతపండూ మిరపకాయా రెండూ ఉంటాయి.

విషయానికి కాస్త పక్కన: ఇంకోసారి దొరికితే ప్రియోరాత్ వైన్ చూడండి. అది స్పెయిన్‌లోని కాతలోనియాలో నల్లని పలకరాయి ముక్కలు పరిచిన కొండ వాలుల్లో పండే గార్నాచా, కారిన్యేనా ద్రాక్షలతో చేసేది. మన కడప బండ సున్నపురాయి, అది వేరే రాయి, అయినా ఆ తోటల ఫోటో చూస్తే మన ఊరి క్వారీ గుర్తుకొచ్చింది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
ఇద్దరికీ కృతజ్ఞతలు. గోంగూర మటన్ మానుకోవడానికి బావగారు ఒప్పుకున్నారు, పులుసు మాత్రం ఉంటుంది. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలంటారు కదా, ఫ్రిజ్‌లో పెట్టనవసరం లేదా?

ఎర్రనేల (అనంతపురం):
ఆ మాట చలిదేశపు గదులకు పుట్టినది; కర్నూలు ఎండలో గది 38 డిగ్రీలు ఉంటే వైన్‌లో ఆల్కహాల్ వాసన తప్ప మరేదీ తెలియదు. 16 నుంచి 18 డిగ్రీలకు రావాలి కాబట్టి తాగే ముందు సీసాను ఫ్రిజ్‌లో రెండు గంటలకు పైగా ఉంచండి. తర్వాత వెడల్పాటి గాజు జగ్గులోకి వంచి, చల్లని గదిలోనే అరగంటపాటు గాలి తగలనివ్వండి.