కొత్తవాడ జంపఖానాలతో ఇంట్లోనే సంచుల తయారీ: ధర, రిజిస్ట్రేషన్ గురించి సలహా కావాలి

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. నాకు కుట్టుపని బాగా వచ్చు. వరంగల్‌లోని కొత్తవాడ నేతకారుల దగ్గర జంపఖానాలు (దర్రీలు) కొని, వాటితో చేతిసంచులు, దిండు గలీబులు కుట్టి ఇంటి నుంచే అమ్మాలని అనుకుంటున్నాను. మావారు బ్యాంకు రుణం తీసుకొని పెద్ద మిషన్లు కొందామంటున్నారు. మా అత్తయ్య మాత్రం ముందు కొన్ని కుట్టి అమ్మి చూడమంటున్నారు. ధర ఎలా కట్టాలో, జీఎస్టీ ముందే తీసుకోవాలో లేదో, ‘వరంగల్ దర్రీ’ అనే పేరు నా సంచులపై వేసుకోవచ్చో లేదో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (కరీమాబాద్, టైలరింగ్)

అమ్మా, మీ అత్తగారి మాటే నా మాట కూడా. జంపఖానాను లావు నూలుతో దట్టంగా నేస్తారు కాబట్టి కత్తెర పడిన చోటల్లా పోగులు ఊడుతాయి. కోతగీతకు రెండు వైపులా ముందే కుట్టు వేసి, ఆ తర్వాత కత్తిరించి, అంచుకు పట్టీ కట్టాలి. 18వ నంబరు సూది, గట్టి పాలిస్టర్ దారం ఉంటే ఇంటి మిషన్ మీద రెండు పొరలు కుట్టవచ్చు. పిడి అతికే చోట పొరలు ఎక్కువవుతాయి గనుక, ఆ భాగాన్ని మాత్రం పెద్ద మిషన్ ఉన్న దుకాణంలో కూలికి కుట్టించుకోండి. నూలు తడిస్తే కుంచించుకుపోతుంది, కాబట్టి ముందే తడిపి ఆరబెట్టండి. తడి తెల్లగుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటితే ఆ ముక్కను సంచికి వాడకండి, కొన్నవారి బట్టలు పాడవుతాయి.

ధర విషయంలో మన ఆడవాళ్లు తమ కూలిని లెక్కలో వేసుకోరు, అది చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఉదాహరణకు బట్టకు 200 రూపాయలు, లోపలి గుడ్డ, జిప్పులకు 60, గంటకు 70 చొప్పున మూడు గంటల కూలి 210, కరెంటు, వృథా ముక్కలకు 30 అనుకుంటే, సంచి మీకు పడే ధరే 500 అవుతుంది. దుకాణం వారు 30 శాతం కమీషన్ అడిగితే, 715 రూపాయలకు అమ్మినా మీకు మిగిలేది మీ కూలి మాత్రమే. వ్యాపారానికి లాభం ఉండదు. తెలిసినవాళ్లు అడిగారని 400కు ఇవ్వడం మొదలుపెడితే, తర్వాత ధర పెంచడం చాలా కష్టం.

జవాబు 2 (వరంగల్, పన్ను లెక్కలు చూసే పని)

తెలంగాణలో వస్తువులు అమ్మేవారికి ఏడాది టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) 20 లక్షల రూపాయలు దాటే వరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఇతర రాష్ట్రాలకు అమ్మాలంటే నిబంధన వేరు. ప్రభుత్వం ప్రకటించిన హస్తకళల జాబితాలోని వస్తువులకు ఆ నిబంధనలో సడలింపు ఉంది గానీ, మీ సంచి అందులోకి వస్తుందో లేదో అకౌంటెంటుతో చూపించుకోండి. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగానే జరుగుతుంది, కాబట్టి దానికి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. ఇక రుణం సంగతి: పీఎంఈజీపీ (స్వయం ఉపాధికి రుణంతో పాటు రాయితీ ఇచ్చే కేంద్ర పథకం) కింద పట్టణ మహిళలకు ప్రాజెక్టు వ్యయంలో 25 శాతం రాయితీ ఉన్నా, ఆ సొమ్ము వెంటనే చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. అందువల్ల ఆర్డర్లు నిలకడగా వచ్చాకే దరఖాస్తు చేయడం మంచిది.

జవాబు 3 (కొత్తవాడ, నేత కుటుంబం)

వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు) వచ్చింది. ఆ గుర్తింపు ముద్రను అధీకృత వినియోగదారులుగా నమోదైనవారే వాడాలి, కాబట్టి మీరు దాన్ని వేయకండి. ‘కొత్తవాడ చేతిమగ్గంపై నేసిన జంపఖానాతో కుట్టినది’ అని రాస్తే అది నిజమే, కొనేవారికీ అర్థమవుతుంది. అయితే మరమగ్గం సరుకు అందులో కలపకూడదు. ఇంకొక మాట, తల్లీ. పెద్ద జంపఖానా కొని ముక్కలు చేయడం కంటే, మీ సంచి వెడల్పు చెప్పి మగ్గం మీదే ఆ కొలతకు నేయించుకోండి. పక్క అంచులు నేతలోనే గట్టిపడి వస్తాయి, పోగులు ఊడే బాధ సగం తగ్గుతుంది. ఒకే పడుగు (నిలువు పోగులు) మీద పేక (అడ్డ పోగుల) రంగులు మార్చుకుంటూ పోవచ్చు గనుక, కొద్దిపాటి ఆర్డరుకే నాలుగైదు రకాలు చేతికొస్తాయి.