మనోధర్మం పాడేవాడు స్వేచ్ఛగా ఉన్నట్టేనా?

ఖరహరప్రియ_కడప:
మనోధర్మం అంటే ముందే కట్టుకోకుండా అప్పటికప్పుడు ఊహించి పాడటం కదా. మొన్న దేవుని కడపలో కచేరీ విని వస్తుంటే మా వాళ్ల మధ్య పెద్ద వాదన నడిచింది. ఖరహరప్రియ రాగం ఆలాపన, అంటే మాటల్లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం గురించి ఒకాయన అన్నాడు, మనిషి పూర్తిగా స్వేచ్ఛగా ఉండేది ఆ కాసేపేనని. తాళం లేదు, సాహిత్యం లేదు, ఎటు పోవాలో చెప్పేవాడు లేడు అని ఆయన వాదన. నేను ఒప్పుకోలేదు. రాగానికి హద్దుంది, కాస్త జారితే ఇంకో రాగం వచ్చి కూర్చుంటుంది. అప్పటికప్పుడు సరిగమలు అల్లి పాడే కల్పన స్వరాలకైతే తాళం లెక్క తప్పకుండా మళ్లీ ఎత్తుకున్న చోటికే రావాలి. పైగా ఇప్పుడు చాలా క్లాసుల్లో కల్పన స్వరాలు కూడా నోట్‌బుక్‌లో రాయించి, బట్టీ పట్టించి, అప్పటికప్పుడు పుట్టినట్టు పాడిస్తున్నారు. అది మనోధర్మమే కాదు, ఇక స్వేచ్ఛ ఎక్కడిది? మీరేమంటారు?

తాడిపత్రి_హార్మోనియం:
పద్యనాటకాల్లో చూసింది చెప్తా. పద్యం అయిపోయాక రాగం ఎంతసేపు తీయాలనేది నటుడి ఇష్టం. జనం వన్స్ మోర్ అంటే మళ్లీ మొదలు. హార్మోనియం మీద నేను ఆయన ఎటు పోతే అటు పోవాలి, ఎదురుగా ఉన్న పాత్రధారి నోరు మూసుకుని నిలబడాలి. పెద్ద నాటక నటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మా తాడిపత్రిలోనే. నాటకానికి పాట కంటే నటనే ముఖ్యమని నమ్మినవాడు, ఈ సాగదీత ఆయనకు నచ్చేది కాదు. అందుకే అంటున్నా, పాడేవాడికి దొరికిన స్వేచ్ఛను చూసేటప్పుడు పక్కన వాయించేవాడికి ఎంత మిగిలిందో కూడా చూడండి.

అనంత_గిటార్:
అన్నా, మీరంతా హద్దుల గురించే మాట్లాడుతున్నారు. ఒకసారి జాజ్ వినండి. అమెరికాలో బానిసలుగా బతికినవాళ్ల వారసులు పుట్టించిన సంగీతం అది. 1960లో ఆర్నెట్ కోల్‌మన్ అనే శాక్సోఫోన్ వాద్యకారుడు ఎనిమిది మందిని రెండు జట్లుగా చేసి, ముందే కట్టుకున్న కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వరుస ఏదీ లేకుండా అరగంటకు పైగా వాయించి రికార్డు చేశాడు. అప్పుడే అక్కడ నల్లవాళ్లు హోటళ్లలో కూర్చునే హక్కు కోసం పోరాడుతున్నారు. వాద్యం మీద కట్లు తెంచుకోవడం, బతుకులో తెంచుకోవడం రెండూ ఒకటే పని అని నా నమ్మకం. మనం మాత్రం రాగలక్షణం చుట్టూనే తిరుగుతున్నాం.

ప్రొద్దుటూరు_సన్నాయి:
తమ్ముడూ, అదే దేశం సంగతి ఇంకొకటి చెప్తా విను. న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడాలన్నా వాయించాలన్నా పోలీసులిచ్చే అనుమతి కార్డు ఉండాల్సి వచ్చేది. 1967 దాకా ఆ పద్ధతి నడిచింది. జాజ్ గాయని బిల్లీ హాలిడే 1947లో జైలుకు పోయింది, బయటికి వచ్చాక ఆమెకు కార్డు లేదు. పెద్ద హాళ్లలో కచేరీ చేయొచ్చు కానీ తన పాట పెరిగిన క్లబ్బుల్లో పాడటానికి లేదు. పియానో వాయించే థెలోనియస్ మంక్ కార్డు 1951లో తీసేసుకున్నారు, మళ్లీ చేతికి వచ్చేసరికి 1957. వాళ్ల మనోధర్మానికి ఏం తక్కువైంది? ఏమీ కాలేదు. అయినా ఆ ఊళ్లో ఆ రాత్రి ఎక్కడ వాయించాలో తేల్చింది ఒక పోలీసు ఆఫీసు.

మాది సన్నాయి మేళం కుటుంబం. మా తాత ఉత్సవాల్లో పల్లకీ ముందు అర్ధరాత్రి దాటేదాకా తోడి రాగం వాయించేవాడు, ఆపమనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, దేవుడి పల్లకీ కూడా ఆయన రాగం ముగించేదాకా నిలబడేది. తెల్లారాక భోజనాల దగ్గర మాత్రం మా వాళ్లకు విస్తళ్లు వేరేగా, చివర్లో వేసేవాళ్లు. ఎక్కడని అడగొద్దు, చాలా ఊళ్లలో అంతే. ఆయన తోడిలో స్వేచ్ఛ లేదని నేననను, ఉంది, నిండుగా ఉంది, అది విన్నవాణ్ణి. కానీ దాన్ని చూపించి మా తాత స్వేచ్ఛగా బతికాడని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఈ పూట రాను, వాయించను అనే వీలు ఆయనకు ఎప్పుడూ లేదు.

కడప_వీణ_టీచర్:
అన్నా, మీ మాటతో నాకు పేచీ లేదు, కానీ వేదిక మీది స్వేచ్ఛ బయటికి అస్సలు రాదన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. రాగం తానం పల్లవి, అంటే కచేరీలో తాళం లెక్కలతో నిండిన పెద్ద మనోధర్మ భాగం, మగవాళ్ల సొత్తు అనుకునే రోజుల్లో కర్ణాటక గాయని డి.కె.పట్టమ్మాళ్ వేదికల మీద పల్లవి పాడింది. పల్లవి పట్టమ్మాళ్ అనే పేరే వచ్చింది. ఆడవాళ్లకు లెక్క రాదనే మాటను ఆమె పాడి కొట్టేసింది. తర్వాత ఎంతమంది ఆడపిల్లలకు ఆ దారి తెరుచుకుందో చూడండి.

అనంత_గిటార్‌కు ఒక మాట. హద్దు ఉన్నచోట స్వేచ్ఛ ఉండదనుకోవద్దు. అన్నమయ్య రాగిరేకుల మీద చాలావరకు రాగం పేరూ పాటా ఉన్నాయి, స్వరాలు లేవు. మీ అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఎన్నో పాటలకు కొత్తగా స్వరం కట్టారు. సాహిత్యం ఆయనది కాదు, వరస మాత్రం ఆయనే ఊహించుకోవాలి. ఆ ఊహకు రాగలక్షణం అడ్డం కాలేదు, ఆసరా అయింది.

నోట్‌బుక్ సంగతికొస్తే, మొదట్లో నేనూ రాయిస్తాను. ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, ఎట్లా నిండుతుందో చేతికి తెలియాలి కదా. ఆ తర్వాత కూడా పుస్తకం మూయించకపోతే తప్పు టీచర్లదే. నా దగ్గర ఒక అమ్మాయి ప్రతిదానికీ "తప్పు వస్తే ఎట్లా మేడమ్" అని టెన్షన్ పడేది. నెరవు, అంటే పాటలో ఒక పంక్తిని రకరకాల వరసల్లో అప్పటికప్పుడు పాడటం, పట్టుబడ్డాక ఏ రాగం ఎత్తుకోవాలో, ఎంతసేపు ఉండాలో తనే చెప్పడం మొదలుపెట్టింది, ఇంట్లో కాలేజీ గురించి కూడా తనే మాట్లాడుకుంది. పెళ్లయ్యాక పాట ఆగిపోయింది, అది నిజమే.

ప్రొద్దుటూరు_సన్నాయి:
చూడండి టీచరమ్మా, ఆగిపోయిందని మీరే అంటున్నారు. నా బాధా అదే.

కడప_వీణ_టీచర్:
ఆగింది మనోధర్మం చాలక కాదన్నా, రోజుకు ఒక గంట తలుపేసుకుని సాధన చేసుకునే వీలు లేక. ఆ గంట సంగీతం ఇవ్వలేదు, మనుషులే ఇవ్వాలి. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు క్లాసు గది తెరిచి పెడుతున్నా. పెళ్లయినవాళ్లు పిల్లల్ని కూడా తెచ్చుకుని పాడుకోవచ్చు, ఫీజు లేదు. మీ మేళం కుటుంబాల ఆడపిల్లలు ఎవరైనా ఉంటే పంపండి.

ప్రొద్దుటూరు_సన్నాయి:
మా అన్న కూతురు డోలు వాయిస్తుంది. లయ బాగా పట్టుబడింది కానీ మేళంలో కూర్చోబెట్టడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవట్లేదు. నేనే తోడు తీసుకొస్తా.