అలాస్కా క్రూజ్‌లో గ్లేసియర్లు (మంచు నదులు), తిమింగలాలు నిజంగా దగ్గర్నించి కనిపిస్తాయా? బాల్కనీ రూము అవసరమా?

నెల్లూరు_టు_డాలస్:
అందరికీ నమస్తే. అమ్మానాన్న మే నెలలో వస్తున్నారు, నయాగరా, డీసీ పోయినసారే అయిపోయాయి, ఈసారి జూన్ చివర్లో సియాటిల్ నించి ఏడు రోజుల అలాస్కా క్రూజ్ అనుకుంటున్నాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేరు, అందుకే క్రూజ్. మా ఆఫీసులో ఒకాయనేమో వారమంతా మబ్బే, తిమింగలం అని చెప్పి నీళ్ళల్లో ఏదో నల్లగా చూపించారు అంతే అన్నాడు, అప్పట్నించి డైలమా. బాల్కనీ రూముకీ లోపలి రూముకీ తేడా నలుగురికీ లెక్కేస్తే గుండె గుభేల్‌మంటోంది. ఎడమ వైపు తీసుకోవాలా కుడి వైపా? అమ్మ ప్యూర్ వెజ్, పెరుగన్నం లేకపోతే రోజు గడవదు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సియాటిల్_వాన:
ఓడ పేరు చూసి బుక్ చేయకండి, రూట్ చూసి చేయండి. గ్లేసియర్ చూపిస్తాం అని రాసిన రూట్లన్నీ ఒకటి కాదు. నా ఓటు గ్లేసియర్ బే కి. అది గ్లేసియర్లున్న సముద్రపు పాయ, నేషనల్ పార్కు, రోజుకి రెండు పెద్ద ఓడలకే పర్మిషన్, అందుకే ఆ రూట్లు కాస్త ఖరీదు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కి, ఏది ఎక్కడ కనిపిస్తుందో మైకులో చెబుతుంటారు. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ చాలాసేపు ఆగుతుంది, ఆగి నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది, కాబట్టి ఎడమా కుడీ అనే బెంగ వద్దు. మంచు గోడ నీటిపైన సుమారు 250 అడుగులు ఉంటుంది, వెడల్పు ఒక మైలు. పక్కనే గ్రాండ్ పసిఫిక్ గ్లేసియర్, దాన్ని మాత్రం మట్టీ రాళ్ళూ కప్పేసి రోడ్డు పక్కన పోసిన కంకర గుట్టలా ఉంటుంది, ఎవరైనా చెబితే తప్ప అది గ్లేసియర్ అని తెలీదు. ఇంకోటి, మంచు ముక్క విరిగి పడేటప్పుడు ముందు కంటికి కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది, చప్పుడు విని తల తిప్పితే అయిపోయినట్టే, ఫోన్ పక్కన పెట్టి గోడనే చూస్తుండమనండి.

మబ్బు గురించి అసలు దిగులొద్దు, మబ్బుగా ఉన్నప్పుడే ఆ మంచు నీలం ఇంకా బాగా తేలుతుంది. పొగమంచు దట్టంగా పడితే మాత్రం ఎవరూ ఏం చేయలేరు.

1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ మనుషులు అటు వచ్చినప్పుడు ఈ బే మొత్తం దాదాపు మంచే, లోపలికి దారే లేదు. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు 40 మైళ్ళకి పైగా వెనక్కి పోయింది, ఇప్పుడు చివరిదాకా 65 మైళ్ళు. అంచేత ఓడ లోపలికి పోతుంటే మొదట పెద్ద పెద్ద చెట్ల అడవి, తర్వాత పొదలు, చివరికి ఉత్త రాయి, అంటే మంచు ఎక్కడెక్కడ ఎప్పుడు ఖాళీ చేసిందో వరసగా కనిపిస్తుంది. చాలామంది ఆ టైమ్‌లో బఫేలో ఉంటారు, మీరు ఉండకండి.

హబ్బార్డ్ గ్లేసియర్ కూడా గొప్పదే, 76 మైళ్ళ పొడవు, మిగతావి చాలావరకు కరుగుతుంటే ఇది ముందుకొస్తోంది, 1986లో ఒకసారి 2002లో ఒకసారి పక్కనున్న రసెల్ ఫియర్డ్ (కొండల మధ్య సన్నటి సముద్రపు పాయ) మూతినే మూసేసింది. కానీ నీళ్ళల్లో మంచు ముక్కలు ఎక్కువుంటే ఓడ దూరంగానే ఆగిపోతుంది. రూట్‌లో ట్రేసీ ఆర్మ్ (ఇదీ అలాంటి పాయే) అని ఉంటే మాత్రం అడిగి కనుక్కోండి, 2025 ఆగస్టులో అక్కడ కొండచరియ విరిగి పెద్ద అల లేచింది, చాలా ఓడలు పక్కనున్న ఎండికాట్ ఆర్మ్‌కి మారాయి.

వీసా_గోల:
అన్నా, అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు, అమ్మానాన్నకి కెనడా వీసా ఉందా? 1886 నాటి చట్టం ఒకటుంది, విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా పోర్టులో ఎక్కించుకుని మళ్ళీ అక్కడే దింపాలంటే మధ్యలో వేరే దేశం పోర్టులో ఆగాలి. ఈ పెద్ద ఓడలన్నీ బహామాస్, బెర్ముడా, నెదర్లాండ్స్ లాంటి విదేశీ జెండాలవే. అందుకే చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగుతాయి. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి కెనడా విజిటర్ వీసా కావాలి, మేం ఓడ దిగంలే అంటే కుదరదు, సియాటిల్‌లోనే ఎక్కనివ్వరు. ఇండియా నించే బయల్దేరే ముందు అప్లై చేయించండి. మీ హెచ్1 (ఉద్యోగ వీసా) స్టాంపింగ్ గడువు తీరిపోయినా 30 రోజుల్లోపు కెనడా ట్రిప్పుకి ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉంది, అంటే ఆ పాత వీసాతోనే తిరిగి రావచ్చు, కానీ ఐ94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉండాలి, ఆ కాగితాలు చేతిలో పెట్టుకోండి.

మంకీక్యాప్_మామ:
మీ ఆఫీసాయన పై డెక్కులో నిలబడి చూసుంటాడు. పదిహేనో అంతస్తు నించి తిమింగలం నల్ల చుక్కే మరి. చుట్టూ నడవడానికి కింద ఒక ప్రామెనేడ్ డెక్ ఉంటుంది, కుర్చీలు కూడా ఉంటాయి, నాన్నగారిని అక్కడ కూర్చోబెట్టండి, ఆ డబ్బుతో బాల్కనీ మానేసి మంచి బైనాక్యులర్ కొనండి, 8 రెట్లది చాలు, 10 రెట్లదైతే చెయ్యి వణికి ఏమీ నిలవదు. తోక కోసం వెతక్కండి, ఊపిరి వదిలినప్పుడు లేచే తెల్లటి ఆవిరి కోసం వెతకండి. ఇక్కడ కనిపించే హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలం హవాయిలో పిల్లల్ని కని, అక్కడ దాదాపు తిండే లేకుండా గడిపి, తినడానికే ఎండాకాలం ఇక్కడికొస్తాయి, జూన్ చివర అంటే సరైన టైమే.

గ్లేసియర్ బేలో సౌత్ మార్బుల్ దీవి దగ్గర సీ లయన్లు (సముద్ర సింహాలు), పఫిన్లు అనే రంగు ముక్కు పక్షులు, గ్లూమీ నాబ్ అనే కొండ మీద తెల్ల కొండమేకలు. జాన్స్ హాప్‌కిన్స్ గ్లేసియర్ వైపు మాత్రం జూన్‌లో పెద్ద ఓడల్ని పోనివ్వరు, అక్కడ మంచు ముక్కల మీద సీల్స్ పిల్లల్ని కంటాయి. న్యాయమే కదా.

డబ్బు పెట్టాలనుకుంటే ఓడ ఆగే జూనో ఊళ్ళో తిమింగలాలు చూపించే చిన్న పడవ ట్రిప్పుకి పెట్టండి. వాటికి 100 గజాల కంటే దగ్గరకి పోకూడదని రూలు, ఆ దూరం కూడా చాలు, వీపు మీద గీతలు కనిపిస్తాయి. ఇక చలి, జూన్ కదా అని స్వెట్టర్లు మానేయకండి, గ్లేసియర్ మీంచి వచ్చే గాలి ఎముకలు కొరుకుతుంది. ఇండియా నించే మంకీ క్యాపులు తెప్పించుకోండి, అక్కడ ఎవడూ నవ్వడు.

రోడ్డు_మీదే:
నేనైతే క్రూజే వద్దంటాను. అలాస్కాలోని యాంకరేజ్‌కి ఫ్లైట్, అక్కడ్నించి సీవర్డ్ అనే ఊరు 127 మైళ్ళు, కారులోనో ట్రైన్‌లోనో. సీవర్డ్ నించి కీనై ఫియర్డ్స్ నేషనల్ పార్కు లోకి రోజు పడవలుంటాయి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాయి, లోపల హీటర్, కూర్చునే చోటు అన్నీ ఉంటాయి. గ్లేసియర్ దగ్గరే, పఫిన్లు దగ్గరే, అదృష్టముంటే ఓర్కాలు (కిల్లర్ వేల్స్). కెనడా వీసా గొడవే లేదు. కాకపోతే రిసరెక్షన్ బే దాటి బయటికొచ్చాక సముద్రం ఊపేస్తుంది, వాంతుల మాత్ర ముందే వేయించాలి.

మంకీక్యాప్_మామ:
మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఫ్లైట్లు కార్లు పడవలు మార్పిస్తూ తిప్పడం కంటే ఒక్క ఓడే నయం కదండీ. వెజ్ సంగతి, బుక్ చేసేటప్పుడే ఇండియన్ వెజ్ అని చెప్పి, ఎక్కిన రోజు డైనింగ్ హెడ్ వెయిటర్‌కి కూడా చెప్పండి, చాలా ఓడల్లో ముందురోజు చెబితే పప్పు, కూర చేసిపెడతారు. పెరుగు బఫేలో పొద్దున దొరుకుతుంది. అన్నంలోకి సీలు విప్పని పొడుల ప్యాకెట్లు ఉంచుకోండి.

నెల్లూరు_టు_డాలస్:
థాంక్యూ అందరికీ, కెనడా సంగతి అసలు తట్టనే లేదు. ఇప్పుడే నాన్నకి ఫోన్ చేస్తే పాస్‌పోర్ట్ వచ్చే ఏడాదే అయిపోతోందట, అంటే ముందు అది రెన్యూవల్, తర్వాత కెనడా, ఆ తర్వాతే ఓడ. జూన్‌కి కుదరకపోతే ఆగస్టు చివరకి చూస్తాం, అప్పుడు వాన ఎక్కువేమో గానీ జాన్స్ హాప్‌కిన్స్ ఎప్పుడు తెరుస్తారు మామా?

మంకీక్యాప్_మామ:
సెప్టెంబర్ 1 నించి. ఒక్క వారం ఆగి వెళ్ళండి.